వాన లెక్క ఒక్కటే చాలదు: గోదావరి డెల్టాలో కార్జపు జలగ ముప్పును మ్యాప్ మీద గీయడం ఎలా

గేదె దవడ కింద సంచిలా నీరు దిగిందని రైతు ఆస్పత్రికి తోలుకొచ్చేసరికి, జలగ దాని కార్జంలో చేరి నెలలు గడిచి ఉంటాయి. పాలు తగ్గాయి, పేడ పలచబడింది, ఎంత మేపినా ఒళ్లు చేయడం లేదు అని అంతకుముందు చెప్పుకున్నవాటిలో చాలా వరకు ఆ జలగ పనే. మందు ఉంది, పనిచేస్తుంది కూడా. కాకపోతే ఏ ఊరికి ఏ నెలలో వేయాలో తెలియకుండా వేస్తే డబ్బూ పోతుంది, జలగా పోదు. ఉచితంగా దొరికే వాతావరణ డేటాతో, ఒక మామూలు ల్యాప్‌టాప్ మీద, మన డెల్టాలో ఏ ఊళ్లకు ఏ నెలల్లో ముప్పు ఎక్కువో మ్యాప్ గీసుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. పశువైద్య సిబ్బంది, వ్యవసాయ కాలేజీ విద్యార్థులు, పాలకేంద్రాల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా చేయవచ్చు. కంప్యూటర్ మీద ఎక్సెల్ వాడగలిగితే చాలు, మిగతాది రెండు వారాల్లో పట్టుబడుతుంది.

మొదలుపెట్టేముందు ఒక మాట. ఈ విషయం మీద దొరికే పద్ధతులు చాలావరకు వాన మీద నడిచే దేశాల్లో పుట్టినవి. మన డెల్టాలో చేలో నీళ్లు ఎప్పుడుంటాయో వాన చెప్పదు, గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ తలుపులు చెబుతాయి. ఇది మనసులో పెట్టుకోకపోతే మ్యాప్ అందంగా వస్తుంది కానీ తప్పుగా వస్తుంది. నా మొదటి మ్యాప్ అలాగే వచ్చింది.

ముందు జలగ బతుకు తెలుసుకోండి

మన దగ్గర గేదెల్లో, ఆవుల్లో కనిపించే పెద్ద కార్జపు జలగ పేరు ఫాసియోలా జైజాంటికా. ఆకులా పలచగా, ఏడు సెంటీమీటర్ల దాకా పొడవుంటుంది. పిత్తనాళాల్లో కూర్చుని గుడ్లు పెడుతుంది, అవి పేడతో బయటకొస్తాయి. పేడ ఎండలో ఎండిపోతే కథ అక్కడితో సరి. నీళ్లలో పడితే మాత్రం వేడికాలంలో రెండు మూడు వారాల్లో గుడ్డు పగిలి పిల్ల బయటకొస్తుంది. ఆ పిల్లకు దాదాపు ఒక్క రోజే గడువు. ఆలోగా లిమ్నియా జాతి నత్త దొరకాలి, దొరక్కపోతే చస్తుంది. దొరికితే నత్త లోపల ఒకటి వందలుగా పెరుగుతుంది. కొన్ని వారాల తర్వాత అవి నత్తను వదిలి, గడ్డి పరకలకూ వరి దుబ్బుల మొదళ్లకూ నీటిమట్టం దగ్గర అతుక్కుని తిత్తులు కట్టుకుంటాయి. ఆ గడ్డి గేదె తింటుంది. తిన్న 13 నుంచి 16 వారాలకు గేదె పేడలో మళ్లీ గుడ్లు కనిపిస్తాయి.

కాబట్టి మ్యాప్‌కు కావలసిన ప్రశ్నలు నాలుగు. వేడి సరిపోతుందా? నీళ్లు నిలిచి ఉన్నాయా? ఆ నీళ్లు నత్త బతికే తీపినీళ్లేనా? పశువు అక్కడి పచ్చిమేత తింటోందా? మొదటిది వాతావరణ డేటా చెబుతుంది, రెండోదానికి వానతోపాటు కాలవ తేదీలూ ఉపగ్రహ చిత్రాలూ కావాలి, తర్వాతి రెండూ ఊరు చెప్పాలి.

డేటా తెచ్చుకోవడం

మ్యాపింగ్‌కు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పెద్ద ఉపగ్రహ చిత్రాలను డౌన్‌లోడ్ చేసుకోకుండా ఆన్‌లైన్‌లోనే లెక్కలు కట్టడానికి గూగుల్ ఎర్త్ ఇంజిన్ ఉంది, వ్యాపారం కాని పనులకు డబ్బు కట్టక్కర్లేదు.

వానకు రెండు దారులు. భారత వాతావరణ శాఖ గళ్ల డేటా 1901 నుంచి రోజువారీగా దొరుకుతుంది, కానీ ఒక్కో గడి పావు డిగ్రీ, అంటే సుమారు 27 కిలోమీటర్లు. కోనసీమ అంతా నాలుగైదు గళ్లలో ఇరుక్కుంటుంది. ఊళ్ల మధ్య తేడా చూడాలంటే చిర్ప్స్ అనే ఉపగ్రహ వాన డేటా మేలు. అది 1981 నుంచి ఉంది, గడి అయిదున్నర కిలోమీటర్లు. నేను చిర్ప్స్ వాడి, దగ్గర్లోని మండల వర్షమాపకం లెక్కతో నెలనెలా పోల్చి చూసుకుంటాను. ఉష్ణోగ్రతకు ఈఆర్‌ఏ5-ల్యాండ్ అనే గళ్ల డేటా చాలు, గడి తొమ్మిది కిలోమీటర్లు. నీళ్ల ఆవిరి ఎంత అన్నది కూడా కావాలి. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు మాత్రమే ఉన్నా హర్‌గ్రీవ్స్ సూత్రంతో లెక్క కట్టవచ్చు.

నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడటానికి సెంటినెల్-1 ఉపగ్రహం తీసే రాడార్ చిత్రాలు తీసుకోండి. వానాకాలం మామూలు ఉపగ్రహ ఫొటోల్లో మబ్బులే కనిపిస్తాయి, రాడార్‌కు మబ్బు అడ్డం కాదు. ఒకే చోటు కనీసం 12 రోజులకోసారి దొరుకుతుంది.

వీటితోపాటు ఊళ్ల సరిహద్దులు, కాలవలు, డ్రైన్ల గీతలు, 2019 పశుగణన అంకెలు కావాలి. ఒక్కో డేటా మ్యాప్ ఒక్కో పొర. అన్ని పొరలనూ మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకోండి, లేకపోతే దూరాల లెక్కలు తప్పుతాయి. మ్యాప్‌ను జిల్లా గీతల దగ్గర ఆపకండి. 2022లో జిల్లాలు విడిపోయాయి కానీ గోదావరి పాయ వశిష్ఠకు అటూ ఇటూ నీళ్లొచ్చేది ఒక్క బ్యారేజీ నుంచే.

వేడి లెక్క

ఈ జలగ బయట పెరగాలంటే 16 డిగ్రీలు దాటాలి. రోజు సగటు ఉష్ణోగ్రత నుంచి 16 తీసేసి, మిగిలినదాన్ని రోజురోజుకూ కూడుతూ పోతే మొత్తం 600 అయ్యేసరికి ఒక తరం పూర్తయిందని ఈ లెక్కల్లో అనుకుంటారు. జనవరిలో పగలూ రాత్రీ కలిపి సగటు 24 అనుకోండి: రోజుకు 8, అంటే 75 రోజులు. ఆగస్టులో సగటు 28 అయితే రోజుకు 12, అంటే 50 రోజులు.

ప్రతి నెలా చివర్న, గడిచిన 75 రోజుల మొత్తాన్ని 600తో భాగించండి. ఒకటి దాటితే ఒకటి దగ్గరే ఆపేయండి. ఈ పొర డెల్టా అంతటా దాదాపు ఒకే రంగులో వస్తుంది. తప్పు చేశామని టెన్షన్ పడకండి, అది నిజమే. మన దగ్గర చలి జలగను ఆపదు, కాస్త నెమ్మదింపజేస్తుంది అంతే. మరి ఊరికీ ఊరికీ తేడా ఎక్కడ? నీళ్లలో.

నీళ్ల లెక్క: తప్పు జరిగేది ఇక్కడే

బ్రిటన్‌లో 1950ల చివర్లో ఓలరన్‌షా, రోలండ్స్ అనే ఇద్దరు ఒక సూచిక తయారు చేశారు. గొర్రెల్లో జలగ వ్యాధిని ముందుగా చెప్పడానికి అది దశాబ్దాలుగా పనికొచ్చింది. సూత్రం చాలా సులువు:

నెల సూచిక = వాన పడిన రోజులు × (వాన − ఆవిరి + 5)

వాన, ఆవిరి రెండూ అంగుళాల్లో వేయాలి. మిల్లీమీటర్లలో ఉంటే 25.4తో భాగించండి. వంద దాటితే వందగానే తీసుకుంటారు.

ఇప్పుడు దీన్ని మన ఊరి మీద పెట్టి చూద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. జులైలో 14 రోజుల్లో 220 మిల్లీమీటర్ల వాన, ఆవిరి 140. అంగుళాల్లో 8.66, 5.51. బ్రాకెట్‌లో 8.15 వస్తుంది, 14తో గుణిస్తే 114, అంటే వంద. ముప్పు పూర్తిగా ఉంది, బాగానే ఉంది. జనవరికి రండి. ఒక్క రోజు వాన, 8 మిల్లీమీటర్లు. ఆవిరి 100. సూచిక 1.4. అంటే ముప్పు లేదని చెబుతోంది.

జనవరిలో మండపేట నుంచి రామచంద్రపురం దాకా, పాలకొల్లు నుంచి ఆచంట దాకా ఏ గట్టు మీదైనా నిలబడి చూడండి. దాళ్వా (రబీ వరి) ఊడ్పులు అయి ఉంటాయి. చేలన్నీ అద్దంలా నీళ్లు. బోదె (చేలకు నీళ్లు తెచ్చే పిల్లకాలవ) అంచున చెయ్యి పెడితే గడ్డి మొదట్లో నత్తలు తగులుతాయి. వాన లెక్క సున్నా అన్న చోట చేలో బెత్తెడు నీళ్లు. సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ నేల ఇలాగే నడుస్తోంది. పరదేశపు సూత్రానికి ఈ సంగతి తెలియదు, మనం చెప్పాలి.

అందుకని నీళ్ల పొరను మూడు రకాలుగా లెక్కగట్టి, ప్రతి నెలా ప్రతి గడికీ ఆ మూడింటిలో పెద్దదాన్ని తీసుకోండి.

ఒకటి, పైన చెప్పిన వాన సూచికను వందతో భాగించిన అంకె. సున్నా కన్నా తక్కువ వస్తే సున్నా.

రెండు, కాలవ క్యాలెండర్. కాలవ కింద సాగయ్యే నేలకు, నీళ్లు వదిలిన నెలల్లో ఒకటి, కట్టేసిన నెలల్లో సున్నా. మామూలుగా దాళ్వా కోతల వేళకు కాలవలు కట్టేస్తారు, సార్వాకు (ఖరీఫ్ వరికి) జూన్‌లో వదులుతారు. కానీ ఏటా తేదీలు మారతాయి, నీటిపారుదల శాఖ ప్రకటన చూసి ఆ ఏటి తేదీలే వేయండి. కాలవ చివరి ఊళ్లకు నీళ్లు వారం పది రోజులు ఆలస్యంగా చేరతాయి, అదీ సర్దుకోండి. గోదావరిలో నీళ్లు తక్కువున్న ఏడు దాళ్వాకు వంతులవారీగా ఇస్తారు. ఆ ఏడు మ్యాప్ వేరు.

మూడు, రాడార్. నున్నటి నీటి మీద పడ్డ రాడార్ అలలు వెనక్కి రావు, ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. నల్లదనానికి మైనస్ 16 డెసిబెల్స్ దగ్గర గీత గీసి మొదలుపెట్టి, మీకు తెలిసిన ఊరి చెరువు సరిగ్గా పట్టుబడేదాకా అటూ ఇటూ జరపండి. ఒక్క జాగ్రత్త: వరి ఏపుగా పెరిగాక కింద నీళ్లున్నా రాడార్‌కు కనబడవు. దమ్ము, ఊడ్పుల వేళ నల్లగా ఉండి తర్వాత తెల్లబడిన చేను ఎండిపోలేదు, వరి ఎదిగింది. అలాంటి గడులకు కోతల ముందు నీళ్లు తీసేదాకా ఒకటి వేసి ఉంచండి.

నది పాయల మధ్య ఉన్న లంక గ్రామాలకు ఇంకొకటి కావాలి. అక్కడ నీళ్లు తెచ్చేది వరద. ఆ వరదకు కారణం మన దగ్గర పడ్డ వాన కాదు, పైన ఛత్తీస్‌గఢ్‌లో, మహారాష్ట్రలో, తెలంగాణలో పడ్డ వాన. మనకు ఎండ కాస్తుండగానే లంకలు మునుగుతాయి. కాబట్టి లంకలకు వాన బదులు ధవళేశ్వరం నీటిమట్టాన్ని డేటాగా తీసుకోండి. అక్కడ మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఏ మట్టానికి ఏ లంక మేత భూమి మునుగుతుందో ఆ ఊళ్లో పడవ నడిపేవాళ్లు కచ్చితంగా చెబుతారు. 2022 జులై వరద రాడార్ చిత్రాలు తీసి వాళ్లు చెప్పినదానితో పోల్చుకోండి. వరద తీశాక గుంటల్లో మిగిలిన నీళ్లు, వాటి చుట్టూ లేచే లేత గడ్డి, ఆ గడ్డికి వచ్చే గేదెలు: వరద తర్వాతి రెండు మూడు నెలలు లంకలను ఎరుపులోనే, అంటే ఎక్కువ ముప్పు రంగులోనే, ఉంచడం మంచిది.

ఉప్పు, రొయ్యల చెరువులు

నా మొదటి మ్యాప్‌లో సముద్రం వైపు ఊళ్లన్నీ ఎర్రగా వచ్చాయి. రాడార్‌కు అక్కడ ఏడాది పొడవునా నీళ్లే కనిపించాయి మరి. ఆ మ్యాప్ పట్టుకుని అంతర్వేది వైపు వెళ్తే, అవన్నీ రొయ్యల చెరువులు. ఉప్పు గట్టిగా ఉన్న నీళ్లలో లిమ్నియా నత్త నిలవదు, పైగా ఆ చెరువు గట్ల మీదికి గేదెను ఎవరూ రానివ్వరు. రెండు రోజులు తిరిగినా ఆ చెరువుల్లో ఒక్క లిమ్నియా దొరకలేదు.

అందుకే తీపినీళ్ల పొర తప్పనిసరి. చెరువుల్ని గుర్తుపట్టడం సులువు: పైనుంచి చూస్తే చదరంగా, తిన్నటి గట్లతో, దాదాపు ఏడాదంతా నీళ్లతో ఉంటాయి. వరి చేను కనీసం వేసవిలో ఎండుతుంది. పన్నెండు నెలల్లో పది నెలలు నల్లగా ఉన్న నలుపలకల గడులను విడదీసి సున్నా వేయండి. మిగిలిన తీరప్రాంతానికి నీళ్లలో ఉప్పు ఎంతో చూపే, చేత్తో పట్టుకునే ఈసీ మీటర్ తీసుకుని డ్రైన్లలో, బోదెల్లో కొలిచి రండి. ఆటుపోటు తగిలే డ్రైను ఎండాకాలం ఉప్పగానూ వానాకాలం తియ్యగానూ మారుతుంది కాబట్టి కనీసం రెండుసార్లు కొలవాలి. చేపల చెరువులు వేరు సంగతి. అవి తీపినీళ్లే, గట్ల మీద గడ్డి కోసి గేదెలకు వేస్తారు కూడా. వాటికి సున్నా వేయకండి.

మేత: అడిగితేనే తెలిసేది

పశుగణన నుంచి ఊరికెన్ని గేదెలు, ఆవులు ఉన్నాయో వస్తుంది. కానీ అవి ఏం తింటున్నాయో ఏ ఉపగ్రహమూ చెప్పదు. ఊరికి ఐదారుగురిని అడగండి. ఏ నెలల్లో కట్టేసి మేపుతారు, ఏ నెలల్లో తోలతారు, పచ్చి ఎక్కడ కోస్తారు, ఎండుగడ్డి మేటు ఎప్పుడు వేస్తారు, ఎప్పుడు తీస్తారు.

కాలవలు కట్టేసిన మే నెలలో ఒక పెద్దాయన్ని ఇదే అడిగాను. "ఈ ఎండకి నీళ్లెక్కడున్నాయి, జలగెక్కడిదండీ?" అన్నాను. ఆయన నన్ను మురుగు డ్రైను దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. "ఆయ్, కాలవ కట్టేశాక పచ్చి ఇంకెక్కడుంటాదండి, ఇందులోనే కదా. ఊరి గేదెలన్నీ ఇక్కడికే వత్తాయండి." అడుగున మోకాలి లోతు నీళ్లు, రెండు ఒడ్లూ పచ్చగా గడ్డి. వంగి ఒక పరక పీకి మొదలు చూస్తే బియ్యపు గింజంత నత్త పిల్లలు. ఊరంతటి నీళ్లూ, ఊరంతటి పశువులూ, ఊరంతటి నత్తలూ ఆ సన్నటి పట్టీలోకి చేరిపోయాయి.

మ్యాప్ మీద ఊరి సగటు తీస్తే మే నెలలో ముప్పు లేనట్టే వస్తుంది. నిజానికి అది ప్రమాదకరమైన నెలల్లో ఒకటి. కాబట్టి కాలవలు కట్టేసిన రోజుల్లో ఊరి సగటు వదిలేసి, కాలవలు, డ్రైన్ల గీతల చుట్టూ 100 మీటర్ల పట్టీ గీసి, ఆ పట్టీకి మాత్రమే లెక్క కట్టండి. క్యూజీఐఎస్‌లో దీన్ని బఫర్ అంటారు, రెండు క్లిక్కుల పని.

పొరలు కలపడం

ఇక్కడ చాలామంది నాలుగు పొరలకూ తలా ఇంత శాతం ఇచ్చి కూడతారు. నేను గుణించమంటాను. కూడితే, నీళ్లే లేని చోట కూడా వేడి, మేత కలిసి సగం ముప్పు చూపిస్తాయి. నీళ్లు లేకపోతే జలగ లేదు, ఉప్పునీళ్లయితే జలగ లేదు. గుణిస్తేనే సున్నా సున్నాగా నిలుస్తుంది.

ముప్పు = వేడి × నీళ్లు × తీపినీళ్లు × మేత

అన్నీ సున్నాకూ ఒకటికీ మధ్య. కాలవ చివరి ఊరు, ఫిబ్రవరి: వేడి 0.9, నీళ్లు 1, తీపి 1, పశువుల్ని కట్టేసి గట్ల మీద కోసిన పచ్చి వేస్తున్నారు కాబట్టి మేత 0.6. మొత్తం 0.54. అదే ఊరి డ్రైను పట్టీ, మే: వేడి 1, నీళ్లు 0.8, తీపి 1, మేత 1. మొత్తం 0.8. క్యూజీఐఎస్‌లోనే ఉన్న రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో గుణించి, జోనల్ స్టాటిస్టిక్స్‌తో ఊరికో అంకె తీసి, మూడు రంగులకు మించకుండా వేయండి: ఎక్కువ ముప్పుకు ఎరుపు, మధ్యస్థానికి పసుపు, తక్కువకు ఆకుపచ్చ. ఏడు రంగుల మ్యాప్ చూసి ఏ ఊరికి ముందు వెళ్లాలో ఎవరూ తేల్చుకోలేరు.

ఇదే మ్యాప్ బోదకాలుకు పనికొస్తుందా అని అడుగుతుంటారు. రాదు. బోదకాలును మోసే దోమకు కావలసింది ఊరి మురుగునీళ్లు, చేలో నీళ్లు కాదు. పద్ధతి అదే, పొరలు వేరు.

నెలల్ని వెనక్కి జరపండి

ఇది మరిచిపోతే మీ మ్యాప్ మంచిదైనా పరీక్షలో తప్పుతుంది. నవంబర్‌లో పేడలో గుడ్డు కనిపించిందంటే, ఆ గేదె తిత్తి తిన్నది జులై, ఆగస్టుల్లో. ఆ తిత్తిని కన్న నత్తకు పిల్ల సోకింది అంతకు రెండు నెలల ముందు, మే, జూన్‌లలో. అంటే నవంబర్ పేడను నవంబర్ వానతో పోల్చడం వృథా. పేడ ఫలితాలను నాలుగు నెలల వెనకటి ముప్పు అంకెతోనూ, ఆరు నెలల వెనకటి నీళ్ల పొరతోనూ పోల్చండి.

పేడతో సరిచూడటం

మ్యాప్ గీసినవాళ్లే ఊళ్లను ఎంచుకుంటే తెలియకుండానే ఎర్ర ఊళ్లలో ఎక్కువ వెతుకుతారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఒక్కో రంగు నుంచీ సమానంగా ఊళ్లను చీటీలు తీసి ఎంచండి. పరీక్ష చేసేవాళ్లకు ఊరి రంగు చెప్పకండి. ఊరికి 30 పశువులు. ముప్పైలో ఒక్కటీ దొరకలేదంటే జలగ లేదని కాదు, పది శాతం దాకా ఉండే అవకాశం ఇంకా మిగిలే ఉంటుంది.

జలగ గుడ్డు బరువు, తేలదు. అందుకే మునిగే పద్ధతి వాడాలి. మూడు గ్రాముల పేడను నీళ్లలో కలిపి, వడగట్టి, గ్లాసులో ఐదు నిమిషాలు ఆగి, పైనీళ్లు వంపేయండి. పైనీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ ఇలాగే. అడుగున మిగిలిన మడ్డిలో ఒక చుక్క మెథిలిన్ బ్లూ వేసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. చెత్తంతా నీలంగా మారిపోతుంది, దాని మధ్య జలగ గుడ్డు పండిన నిమ్మతొనలా పసుపుగా మెరుస్తుంది. రంగులేకుండా గాజులా కనిపించేవి పొట్ట జలగల గుడ్లు, మన గేదెల్లో అవీ చాలా ఉంటాయి. వాటిని వేరే గడిలో రాయండి.

నత్తల్నీ చూడాలి. నత్త గుల్ల మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడివైపుండి, గుల్ల పలచగా ఉంటే అది లిమ్నియా కావచ్చు. ఎడమవైపుంటే కాదు. జిలేబీ చుట్టలా చదునుగా ఉన్నది ఇంకో జాతి, అది వేరే జలగల్ని మోస్తుంది. చేతికి గ్లవ్స్ లేకుండా నీళ్లలో వెతక్కండి.

మూడో వంతు ఊళ్ల ఫలితాలను పక్కన దాచిపెట్టండి. మిగిలినవాటితో అంకెలు సరిచేసుకుని, చివర్లో దాచినవాటి మీద పరీక్షించండి. ఎర్ర ఊళ్లలో జలగ ఉన్న పశువులు ఆకుపచ్చ ఊళ్లకన్నా స్పష్టంగా ఎక్కువ రాకపోతే మ్యాప్ ఎవరికీ ఇవ్వకండి. ముందు మేత పొరను అనుమానించండి, తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

మ్యాప్‌ను వాడటం

మ్యాప్ మొదటి పని జూన్ నీళ్లు వదలకముందు. అప్పుడు ఎర్ర ఊళ్లలో మందు వేస్తే కొత్తనీళ్లలోకి పోయే గుడ్లు తగ్గుతాయి. రెండోది సార్వా కోతల తర్వాత, వానాకాలంలో తిన్న తిత్తులు జలగలుగా ఎదిగే వేళ. ఆక్సిక్లోజనైడ్ ఎదిగిన జలగల మీదే పనిచేస్తుంది, ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపుతుంది. ఏది, ఎంత, మందు వేశాక పాలు ఎన్నాళ్లు వాడకూడదు అన్నది పశువైద్యులే తేల్చాలి.

మందు కాని పనులూ ఈ మ్యాప్ చెబుతుంది. మే నెలలో ఎర్రగా వచ్చిన డ్రైను పట్టీ ఉన్న ఊళ్లో గడ్డిని నీటిమట్టానికి జానెడు పైన కోసుకోమని చెప్పండి. తడి వరిగడ్డిని వెంటనే వేయకుండా బాగా ఎండబెట్టి, మేటు వేసి, నెలలు ఆగి తీయమనండి. కోతలయ్యాక బాతుల మందలు వచ్చే దారిని ఎర్ర చేల మీదుగా మళ్లించగలిగితే మంచిదే, బాతు నత్తను వదలదు.

ఊళ్ల పేర్లతో ఉన్న మ్యాప్‌ను వాట్సాప్‌లో పెట్టకండి. "ఫలానా ఊరి గేదెలకు జలగట" అన్న మాట ఒక్కసారి సంతకు చేరితే, ఆరోగ్యంగా ఉన్న గేదెకు కూడా ధర పడిపోతుంది. ఊళ్ల పేర్లున్న కాపీ పశువైద్యుల దగ్గర, పాలకేంద్రం దగ్గర ఉంచండి. బయటకు ఇచ్చేదాంట్లో మండలం రంగు చాలు.

కాలవ తేదీలు ప్రకటించిన రోజున నీళ్ల పొర మార్చి మళ్లీ లెక్క కట్టండి. అలవాటయ్యాక అది ఒక పూట పని.